తిరిగి రాని ఒకటో నెంబరు బిళ్ళ

ఆ రోజు అందరికీ పులిహోర పొట్లాలు పంచారు. నాకు ఇవ్వలేదు. ఈ సంగతి ముందే రాసేస్తే మిగతాది ప్రశాంతంగా రాయగలను. పొట్లాలు తెప్పించిన రెవెన్యూ అధికారి జీపు డ్రైవర్లను లెక్కపెట్టాడు, గేటు దగ్గరి కాపలా మనిషిని లెక్కపెట్టాడు, దీపాల గది మనిషిని మాత్రం వదిలేశాడు. ఉద్యోగమంతా మనుషులను లెక్కపెట్టినవాడిని నేను. ఎవరినీ వదల్లేదు.

కొత్తగా గనుల్లో చేరుతున్న పిల్లలు ఇది చదువుతారని రాస్తున్నాను. మీకు ఇప్పుడు గేటు దగ్గర యంత్రానికి ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. మా కాలంలో ఇత్తడి బిళ్ళ ఉండేది. భూగర్భ గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే గదిలో నా పని. ఒక్కో నెంబరుకు రెండు బిళ్ళలు. ఒకటి మనిషి జేబులోకి, రెండోది నా గోడ మీద బోర్డుకున్న మేకుకు. మనిషి పైకి వచ్చి తన బిళ్ళ నా చేతిలో పెడితే, గోడ మీది జతను తీసి రెండూ కలిపి డబ్బాలో వేస్తాను. షిఫ్టు ముగిశాక కూడా మేకుకు ఒంటరి బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆయన ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నా సరే, నా లెక్కలో లోపలే.

ఒకసారి ఒక పెద్దాఫీసరు బిళ్ళ లేకుండా దీపం అడిగాడు. "నేనెవరో ఎరుకేనా?" అన్నాడు. "ఎరుకే సార్, బిళ్ళ తీసుకోండ్రి" అన్నాను. తీసుకున్నాడు. నెల తిరక్కుండా నన్ను మందమర్రికి బదిలీ చేశారు. రెండేళ్ళు అక్కడున్నాను. తిరిగి వచ్చాక కూడా బిళ్ళ లేకుండా ఎవరికీ దీపం ఇవ్వలేదు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. నాతో ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాడు ఒకడుండేవాడు. ఒకే గదిలో పని, ఒకే డబ్బాలో సద్ది. ఒకరోజు రెండో షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది. మనిషి గల్లంతని నేను గోల చేశాను. పని ఆపారు. మనుషులు మళ్ళీ కిందికి దిగి మూడు గంటలు వెతికారు. చివరికి ఆ కార్మికుడు తన అత్తగారింట్లో చేపల కూర తింటూ దొరికాడు. విచారణలో నా స్నేహితుడిని పిలిచి అడిగితే, "ఇద్దరు ఒక్కసారే బిళ్ళలు చేతుల పెట్టిన్రు సార్. ఈయన గోడకెళ్ళి ఒకటే తీసిండు. నేను చూసిన" అని చెప్పాడు. నాకు ఛార్జిషీటు వచ్చింది. అంతకంటే పెద్ద శిక్ష ఏమిటంటే, ఆ తర్వాత ఎవరి గొడుగు పోయినా, నన్ను కాక అని పిలిచే కార్మికులు "కాకను అడుగుండ్రి, గల్లంతు జేసి ఉంటడు" అని నవ్వడం. నా స్నేహితుడితో ఆ రోజు నుంచి మాట్లాడలేదు. అతను గోదావరి అవతల నస్పూర్ దిక్కు గనికి బదిలీ మీద వెళ్ళాడు. పదకొండేళ్ళు గడిచాయి.

ఇక వరద సంగతి.

ఆ వానాకాలం రాష్ట్రమంతా మునిగింది. రాజధానిలో శాసనసభ సమావేశాలు నడుస్తున్నాయి గానీ సగం మంది సభ్యులు తమ ఊళ్ళలో నీళ్ళ మధ్య చిక్కుకున్నారు. అయినా సభను వాయిదా వేయకూడదని, ముంపు ప్రాంతాలకు సభాసంఘాలను పంపి, సమావేశాలు ముగిసేలోగా నివేదికలు తెప్పించుకోవాలని తీర్మానించారట. మా ప్రాంతానికి ఏడుగురు సభ్యుల సంఘం. ఒక్క రోజు, ఒక్క సిట్టింగు. అది జరగకపోతే నివేదిక లేదు. నివేదిక లేకపోతే మళ్ళీ సమావేశాల నాటికి వానలూ పోతాయి, గుర్తూ పోతుంది.

మా గనికి ఆనుకుని మట్టి గుట్ట, దాని పక్కన వాగు, వాగు పక్కన ఒక బస్తీ. రిటైరైన కార్మికులు, కాంట్రాక్టు పనివాళ్ళు, నాలుగైదు కొట్లు. మా అక్క ఇల్లు కూడా అక్కడే. బస్తీ వెనక వాగు మీద ఒక తూము ఉంది. అది పూడిపోయిందని, నీళ్ళు ఎక్కువైతే బస్తీ మీదికి తిరుగుతాయని వరదకు ముందే నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబొచ్చింది: 'మీ ఉత్తరం అందినది.' బస్తీ మునిగింది. పట్టపగలు కాబట్టి జనం గుట్టెక్కి బతికారు. మునిగాక ఇంజనీరు సార్లు ఏమన్నారంటే, అది గోదావరి ఎదురుతన్నిన నీళ్ళు, పెద్ద ఏటికి ఎవరేం చేస్తారు, అని. వాగు నీళ్ళని తేలితే తూము పెద్దది చేసి గట్టు కట్టాలి. గోదావరి నీళ్ళని రాసుకుంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. వచ్చే వానాకాలానికి గట్టు ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క సిట్టింగు మీద ఆధారపడింది.

ఊళ్ళో అనుకున్న హాలులో మోకాలి లోతు బురద. ఎత్తు మీద పొడిగా మిగిలింది మా గని ఆవరణలో కార్మికులు షిఫ్టుకు ముందు కూర్చునే రేకుల షెడ్డు ఒక్కటే. కరెంటు లేదు. జనరేటరు గనిలోని నీళ్ళు తోడే పంపులకూ, నా దీపాల గదికీ మాత్రమే సరిపోతుంది. మబ్బులు కమ్మి, ఏటవాలు జల్లు కొడుతుంటే కిటికీలు మూశారు. పదకొండు గంటలకే లోపల మనిషి ముఖం కనిపించలేదు. మేనేజరు నన్ను పిలిచి, "దీపాలు ఎన్ని ఇయ్యగలవు?" అని అడిగాడు. "ఎన్నన్న ఇస్త సార్. గానీ బిళ్ళ లేనిది ఇయ్య" అన్నాను. ఆయన నాతో చాలా ఏళ్ళు పనిచేసినవాడు. నిట్టూర్చి సరేనన్నాడు.

బోర్డు ఊడదీసి షెడ్డు గోడకు తగిలించాను. ఒకటి నుంచి పది దాకా సంఘం వాళ్ళకు, పదకొండు నుంచి సాక్షులకు. బస్తీ నుంచి ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. గేటు దగ్గర నేనే నిలబడి ఒక్కొక్కరికి బిళ్ళ ఇచ్చాను. ఇది జాగ్రత్తగా గుర్తుంచుకోండి, నా తప్పు ఇక్కడే ఉంది.

సంఘం అధ్యక్షుడు వచ్చాడు. పెద్ద వయసు, పల్చని మనిషి. బిళ్ళ చేతికిస్తుంటే రెవెన్యూ అధికారి అడ్డు వచ్చాడు.

"ఏయ్ లైట్ల బాబూ, ఛైర్మన్ గారికి బిళ్ళేంది? ముందు గా కుర్చీ ఇటియ్యి."

ఆ కుర్చీ నాది. ఒక చెయ్యి విరిగినా నా నడుముకు అలవాటైన కుర్చీ. తీసుకెళ్ళి అధ్యక్షుడికి వేశారు. ఆ రోజు సాయంత్రం దాకా నేను కూర్చోలేదు.

అధ్యక్షుడు మాత్రం చెయ్యి చాపాడు. "ఇయ్యవయ్యా. ఇయ్యాళ నేను సుత గనిల దిగినట్టే" అని నవ్వి, ఒకటో నెంబరు బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

ఆయన వెనక సంఘం కార్యదర్శి. శాసనసభ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి, నాలాగే రిటైర్మెంటుకు దగ్గర పడినవాడు. బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది తిరిగియ్యాల్నా?"

"ఇయ్యాలె."

"సంతకం?"

"బిళ్ళే సంతకం సార్."

తలూపి, బిళ్ళను చొక్కా పైజేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఆ తట్టడం నాకు నచ్చింది. పది నిమిషాలకే ఆయనంటే ఒళ్ళు మండింది.

ఎందుకంటే అందరూ కూర్చున్నాక ఆయన లేచి, "అధ్యక్షా, మీరిద్దరే ఉన్నరు. ముగ్గురుంటేనే కోరం. సిట్టింగు మొదలుపెట్టలేం" అన్నాడు.

ఏడుగురిలో నలుగురు తమ నియోజకవర్గాల్లో నీళ్ళ మధ్య ఉన్నారు. మూడో ఆయన గోదావరి అవతల నస్పూర్ గెస్టుహౌసు దాకా వచ్చి ఆగిపోయాడు. వంతెన బాగానే ఉంది. దాని అవతలి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని పోలీసులు కార్లను వదలడం లేదు.

"ముగ్గురు ఉన్నట్టు రాసుకో. ఆయన వచ్చినంక సంతకం పెడ్తడు" అన్నాడు అధ్యక్షుడు.

"రాయను సార్."

"గీ వరదల గూడ నీ రూల్సేనా?"

"వరదలనే ఎక్కువ సార్. అక్కడ అసెంబ్లీల కోరం కోసం గంట కొట్టి కొట్టి అటెండరు చెయ్యి వాచింది. అయినా కోరం లేకుండా ఒక్క నిమిషం నడుపలేదు. ఇయ్యాళ ఇద్దరితోని నడిపితే, రేపు ఒక్క డిపార్టుమెంటు సిట్టింగు చెల్లదని కాగితం పెట్టినా, ఈ జనం చెప్పిన మాటలన్నీ చిత్తు కాగితాలే."

బస్తీ వాళ్ళు గొణిగారు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత, బిళ్ళ లేకుండా దీపం ఇవ్వనన్నప్పుడు ఆ పెద్దాఫీసరుకు నేను ఇలాగే కనిపించి ఉంటానని తోచింది. ఆ తోచడం నాకు ఇష్టం లేకపోయినా తోచింది.

మధ్యాహ్నం రెండున్నర దాకా చూద్దామన్నాడు అధ్యక్షుడు. అయిదింటికల్లా బయలుదేరకపోతే వెనక్కి వెళ్ళే దారి కూడా మునిగేలా ఉంది. సెల్‌ఫోన్లు ఎప్పుడో చచ్చిపోయాయి. పొట్లాలు పంచింది అప్పుడే.

మా గనులన్నిటినీ కలిపే సొంత ఫోను లైనొకటి ఉండేది. దీపాల గదిలో ఒక నల్ల ఫోను. అవతల గెస్టుహౌసుకు దగ్గరి ఫోను ఏ గదిలో ఉందో, అది ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు. ఆ ఫోను ముందు చాలాసేపు నిలబడ్డాను. మా అక్క షెడ్డు తలుపు దగ్గర నుంచి నన్నే చూస్తోంది. రిసీవరు ఎత్తాను.

"హలో, దీపాల గది" అన్నది ఆ గొంతు.

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"ఎవలు?"

"నేనే."

అవతల కూడా వాన చప్పుడు వినిపిస్తోంది. "పదకొండేండ్లాయె. ఎవలన్న సచ్చిన్రా?"

"ఎవలు సావలే. మీ గెస్టుహౌసుల ఎమ్మెల్యే ఉన్నడట. జల్ది ఈడికి తోలియ్యాలె."

"నీకెందుకు? ఏం జేసుకుంటవు?"

"కోరం."

"గదేం కూర?"

"మూడో బిళ్ళ అనుకో. రెండు బిళ్ళల మీద షిఫ్టు నడువదట. మా అక్కోళ్ళ బస్తీ ముచ్చట."

"దవాఖానకు మందుల లారీ పోతున్నది. దాన్ని పోలీసోళ్ళు ఆపుతలేరు. దాంట్ల ఎక్కిస్త. గానీ నువ్వు నాకొక మాట అనాలె."

"ఏం మాట?"

"నీకెరుకే."

"ముందుగాల తోలియ్యి" అని ఫోను పెట్టేశాను.

రెండూ ఇరవైకి మందుల లారీ గేటు ముందు ఆగింది. మందుల పెట్టెల మధ్య నుంచి మూడో సభ్యుడు దిగాడు. ఖద్దరు పంచె మోకాళ్ళ దాకా బురద. ఆయన వెనక గొడుగు పట్టుకుని నా పాత స్నేహితుడు. తల పూర్తిగా నెరిసింది. నేను ఇద్దరికీ బిళ్ళలు ఇచ్చాను. అతను బిళ్ళ తీసుకుంటూ నా ముఖం చూశాడు. నేను బోర్డు చూశాను.

కార్యదర్శి గడియారం చూసి సమయం రాసుకున్నాడు. సభ మొదలైంది.

ఆ సభ ఎలా జరిగిందో మీకు చెప్పాలి. బల్ల పైన దూలానికి నాలుగు దీపాలు వేలాడదీశాను. ప్రతి మాటా సంక్షిప్తలిపిలో రాసుకునే ఉద్యోగిని ఒకామె వచ్చింది. ఆమె టోపీ దీపాన్ని చున్నీతో నుదుటికి కట్టుకుని రాసింది. ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖం మీదికి నేను ఒక దీపం తిప్పేవాణ్ణి. మాట్లాడటం అయ్యాక వాళ్ళు బిళ్ళ నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళేవాళ్ళు.

అయితే సాక్ష్యాలు సరిగా సాగలేదు. బియ్యం తడిసిందని ఒకరు, పిల్లల సర్టిఫికెట్లు కొట్టుకుపోయాయని ఒకరు, మేక పోయిందని ఒకరు. అవన్నీ నిజాలే. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయని అధ్యక్షుడు అడిగితే మాత్రం, "అన్ని దిక్కులకెళ్ళి వచ్చినయ్ సార్" అని ఏడ్చేవాళ్ళు. మా అక్క కూడా అంతే. ప్రాణభయంతో గుట్టెక్కే మనిషి దిక్కులు చూసుకుంటుందా? ఇంజనీరు సారు ప్రతిసారీ నెమ్మదిగా, "గోదావరి ఎదురుతన్నింది సార్, ఇందులో అనుమానం లేదు" అంటున్నాడు. తొమ్మిది ఉత్తరాలు రాసిన నన్ను సాక్షిగా పిలవలేదు. దీపం తిప్పేవాడు సాక్ష్యం ఎలా చెబుతాడని రెవెన్యూ అధికారి అన్నాడు.

నాలుగూ ఇరవైకి డ్రైవరు వచ్చి, దారి మీద నీళ్ళు పెరుగుతున్నాయన్నాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు.

"అందరు అయిపోయిన్రు గదా. ముగిద్దాం."

నేను బోర్డు చూశాను. సాక్షుల వరుసలో ఇరవై ఏడో మేకుకు ఒక బిళ్ళ ఒంటరిగా వేలాడుతోంది.

"ఒక మనిషి లోపల ఉన్నడు సార్" అన్నాను.

"ఎవలున్నరు లోపల? షెడ్డు ఖాళీగ కనిపిస్తలేదా?" రెవెన్యూ అధికారి లేచాడు. తలుపు దగ్గర నిలబడ్డ మా గని కార్మికుల్లో ఎవడో, "కాక మల్ల గల్లంతు జేసిండురో!" అన్నాడు. నవ్వులు. ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలుసు. రాయను.

చీకట్లో ఇద్దరు ఒకేసారి బిళ్ళలు ఇచ్చారా? నేను మళ్ళీ ఒక జతే తీశానా? అంత నమ్మకంగా అన్నవాణ్ణి, డబ్బా మూత తీసే ధైర్యం లేక నిలబడిపోయాను.

అప్పుడు నా స్నేహితుడు ముందుకొచ్చాడు. డబ్బా తీసుకుని బల్ల మీద, అధ్యక్షుడి ముందే, జతలు జతలుగా పేర్చి లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. ఒక్క బిళ్ళ కూడా విడిగా లేదు.

"లెక్క సరిగ్గనే ఉన్నది సార్" అన్నాడు అందరికీ వినిపించేలా. "ఇరువై ఏడో బిళ్ళ మనిషి ఇంకా మాట్లాడలే. ఏడనో ఉన్నడు. ఎతుకుండ్రి."

కార్యదర్శి పుస్తకం మూయబోతున్నవాడు ఆగాడు. "పేరిచ్చి, పిలుపు అందుకున్న సాక్షి మిగిలి ఉంటే సాక్ష్యం ముగిసిందని నేను రాయలేను సార్" అన్నాడు. పొద్దున ఒళ్ళు మండించిన ఆ మొండితనమే ఇప్పుడు మాకు అండగా నిలబడింది.

అధ్యక్షుడు గడియారం చూశాడు. "పది నిమిషాలు" అన్నాడు.

నేను గేటు దాకా పరుగెత్తాను. గేటు బయట, గోడ వారన, ప్లాస్టిక్ కవరు తల మీద కప్పుకుని ఒక అవ్వ గొంతుక్కూర్చుని ఉంది. పొద్దున నేనే బిళ్ళ ఇచ్చాను. అది పిడికిట్లోనే ఉంది.

"అవ్వా! లోపలికి రాలేదేంది? అందరు పోయిన్రు గద!"

"గేటు దాటద్దంటరు గద బిడ్డా ఆడోళ్ళు" అంది ఆమె. "మీ తాతకు ముప్పై ఏండ్లు గీడికే సద్ది తెచ్చిన. ఎన్నడన్న లోపట అడుగు పెట్టిన్నా? పిలుస్తరని చూస్తున్న."

కాపలా మనిషి ఆమెను చూశాడు. ఆ జాగాలో ఆమె కూర్చోవడం అతనికి అలవాటైన సంగతి, అందుకే ఏమీ అడగలేదు. వయసులో ఉన్న ఆడవాళ్ళు నేరుగా లోపలికి వెళ్ళిపోయారు. ఈమెకు మాత్రం బిళ్ళ ఇచ్చాను గానీ లోపలికి రమ్మని నోటితో అనలేదు. బిళ్ళ ఇస్తే లోపలికి రమ్మని అర్థం. అది నాకు తెలుసు. ఆమెకెవరు చెప్పారు? ఏళ్ళ తరబడి ఆమె భర్త దీపం నా చేతి మీదుగా వెళ్ళింది, అయినా గేటు అవతల మనిషికి మా పద్ధతి తెలియదని నాకు తట్టలేదు. రెవెన్యూ అధికారి నన్ను లెక్కలో వేసుకోలేదని ఇన్నేళ్ళుగా అంటున్నాను. ఆ రోజు నేను చేసిందీ దాదాపు అదే.

"నేను పిలుస్తున్న. రా అవ్వా."

ఆమె గేటు దగ్గర చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి, లోపలికి అడుగు వేసింది.

బల్ల ముందు నిలబెట్టి దీపం తిప్పాను. అధ్యక్షుడు అలసిన గొంతుతో అదే ప్రశ్న అడిగాడు. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి?

"ఏ నీళ్ళు సారూ? నల్లయా, ఎర్రయా?"

సంక్షిప్తలిపి రాసే ఆమె తలెత్తింది. దీపం వెలుగు అవ్వ కళ్ళలో పడింది.

"పొద్దుగాల పొయ్యి రాజేస్తున్న. ఎనుక తూము దిక్కుకెళ్ళి నల్లనీళ్ళు వచ్చినయ్, బొగ్గు కడిగినసొంటి నీళ్ళు. పొయ్యి ఆరింది. మంచమెక్కిన. మంచం మునిగింది, గుట్టెక్కిన. గోదారి ఎర్రనీళ్ళు వచ్చింది మాపటికి. అప్పటికే మా బస్తీల మునుగుడు అయిపోయింది."

"అవ్వా, ఆ గడబిడల నీళ్ళ రంగు ఎవరు చూసిన్రు?" అన్నాడు ఇంజనీరు.

"నేను జూసిన. నువ్వు జూడలే. నువ్వు ఆనాడు రానే రాలే." షెడ్డులో ఎవరో దగ్గారు. "మొన్న పండుగకే గోడకు సున్నం ఏసిన. నా మోకాలి మీదికి నల్లగీత ఉన్నది. దాని మీద జానెడు ఎర్రగీత. కడుగలే. అందరు ఇండ్లు కడుక్కున్రు. ఎవలన్న వచ్చి చూస్తరని నేను కడుగలే."

అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూసి, "రాసుకున్నరా?" అన్నాడు. "ఆమె మాటల్లోనే రాసుకున్నం సార్." "అయితే నడువుండ్రి, గోడ చూద్దాం" అని లేచాడు. డ్రైవరు ఏదో అనబోతే చెయ్యి అడ్డు పెట్టాడు. ముగ్గురు సభ్యులూ బురదలో బస్తీకి నడిచారు. మూడో సభ్యుడు తన అరచేతిని గోడకు ఆనించి నల్లగీత మీద ఒకటి, ఎర్రగీత మీద ఒకటి గుర్తులు పెట్టాడు. ఇంజనీరు కూడా వచ్చాడు. చాలాసేపు తూము వైపు చూశాడు. ఎదురుతన్నిందన్న మాట మళ్ళీ అనలేదు.

అయిదుంపావుకి హడావిడిగా బయలుదేరారు. కార్యదర్శి మాత్రం వెనక్కి నడిచి వచ్చి, బిళ్ళ నా చేతిలో పెట్టి, "చూసుకోండి, మీ జత" అన్నాడు. అందరి బిళ్ళలూ వచ్చాయి, ఒక్కటి తప్ప. అధ్యక్షుడి జేబులో ఒకటో నెంబరు అలాగే వెళ్ళిపోయింది. నేను గేటు దాకా పరుగెత్తేసరికి కార్ల ఎర్ర దీపాలు మలుపు తిరిగాయి.

నా స్నేహితుడు లారీ ఎక్కుతూ ఆగాడు. అడగలేదు, ఆగాడంతే.

"ఆనాడు ఇద్దరు బిళ్ళలిచ్చిన్రు. నేను ఒక్క జతనే తీసిన" అన్నాను.

"గది నాకు ఆనాడే ఎరుక" అన్నాడు.

"ముందుగాల నాకు చెప్పకుండ సార్లకు చెప్పినవు. అది మాత్రం నేను మరువ."

"నువ్వెట్ల మరుస్తవు? పొట్లం తిన్నవా?"

"నాకియ్యలే."

తన జేబులోంచి పొట్లం తీసి సగం నాకిచ్చాడు. లారీలో వచ్చినవాడికి ఇచ్చారు, నాకివ్వలేదు. ఇదీ రాసి పెడుతున్నాను.

సమావేశాల ఆఖరి రోజున నివేదిక సభ ముందుకు వెళ్ళింది. అచ్చు ప్రతి చాలా నెలలకు మా మేనేజరుకు చేరింది. అవ్వ చెప్పిన నల్లనీళ్ళు, ఎర్రనీళ్ళు, కడగని గోడ, అన్నీ ఆమె మాటల్లోనే ఉన్నాయి. తూము పెద్దది చేయాలి, వాగుకు గట్టు కట్టాలి అని సిఫారసు ఉంది. చివర కృతజ్ఞతల్లో రెవెన్యూ అధికారి ఉన్నాడు, జనరేటరు సిబ్బంది ఉన్నారు. దీపాల గది లేదు. దీని మీద ఉత్తరం రాశాను. తదుపరి ముద్రణలో సవరిస్తామని కార్యదర్శి స్వయంగా జవాబిచ్చాడు. అలాంటి పుస్తకాలకు తదుపరి ముద్రణ ఉండదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా జవాబిచ్చాడు. అందుకని ఆయన మీద కోపం లేదు.

తూము పెద్దది చేశారు. గట్టు సగం దాకా కట్టారు, అవ్వ ఇంటికి వందడుగుల ఇవతల ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు.

నేను రిటైరైన రోజు కొత్త కుర్రాడికి చార్జి అప్పగిస్తూ రిజిస్టరులో రాశాను: 'ఒకటో నెంబరు బిళ్ళ తిరిగి రాలేదు. మనిషి లోపల ఉన్నట్టు లెక్క.' ఆ వాక్యం కొట్టేద్దాం, అది సభ తాలూకు సంగతి కదా అన్నాడు కుర్రాడు. కొట్టనివ్వలేదు. దీపాల గది లెక్కలో బిళ్ళ రానంతవరకూ షిఫ్టు ముగియదు. అధ్యక్షుడు ఇంకా ఆ రేకుల షెడ్డులోనే, నా చెయ్యి విరిగిన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. సభ ఇంకా నడుస్తూనే ఉంది. ఏటా వానలకు ముందు శాసనసభ ఆఫీసుకు ఒక ఉత్తరం రాస్తాను. మొదటి పేరా బిళ్ళ గురించి, రెండో పేరా మిగిలిన గట్టు గురించి.

మొన్న మృగశిర కార్తె నాడు బస్తీకి వెళ్ళాను. అవ్వకు ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. గోడకు ఇన్నేళ్ళలో మళ్ళీ సున్నం వేయలేదు, నల్లగీత అలాగే ఉంది. నా అడుగుల చప్పుడు విని గుమ్మంలోంచే అడిగింది.

"ఆ సారు బిళ్ళ వచ్చిందా బిడ్డా?"

"రాలేదవ్వా."

"అయితే ఇంకా లోపట్నే ఉన్నడు. రాయి మల్ల."

ఇంటికి వచ్చి రాశాను.